గ్రాంటు కంటే ముందు కావలసింది

ఊరికి వెళ్ళొచ్చిన మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా చెరువు పూడిపోయింది. కట్ట నిండా సర్కారు తుమ్మ. బాగు చేద్దామంటే గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది?" కొందరు చెరువు అంటారు, కొందరు గుట్ట అంటారు, తీరప్రాంతం వాళ్ళు మడ అడవి అంటారు. ప్రశ్న మాత్రం అదే. అడిగేవాళ్ళ చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. సెలవుల్లో పది రోజులు వెళ్ళి, అందులో రెండు రోజులు చెరువు కట్ట చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

అయితే ఆ ప్రశ్న కంటే ముందు అడగవలసింది ఇంకొకటుంది. డబ్బు వస్తే దాన్ని చట్టప్రకారం తీసుకుని, లెక్క ప్రకారం ఖర్చు పెట్టి, మూడేళ్ళ తర్వాత కూడా ఆ పనిని నిలబెట్టగలిగే మనుషులూ, కాగితాలూ ఊళ్ళో ఉన్నాయా? చాలా ఊళ్ళలో లేవు. అక్కడే మన ఉత్సాహం ఆగిపోతోంది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. పర్యావరణ పరిరక్షణకి కావలసిన పెద్ద డబ్బు అమెరికాలో కంటే ఇండియాలోనే ఎక్కువగా ఉంది. అక్కడ కొరతగా ఉన్నది, ఆ పెద్ద డబ్బుని అడగడానికి సిద్ధం కావడానికి పట్టే చిన్న డబ్బు. మన డాలర్లు చెరువు తవ్వడానికి కాకుండా ఆ చిన్న ఖర్చుకి వెళ్ళాలి. ఎందుకో వివరంగా చూద్దాం.

మన డబ్బు ఊరిదాకా వెళ్ళే దారి

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, మనందరం ఎఫ్.సి.ఆర్.ఎ. అని పిలిచేది, ఎమర్జెన్సీ కాలంలో 1976లో మొదటిసారి వచ్చింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణతో అది మరింత బిగిసింది. ఆ సవరణ తర్వాత విదేశీ విరాళం ఏదైనా ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అన్నిటికంటే ముఖ్యంగా, విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకి ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించారు.

ఈ చివరి నిబంధన అర్థం ఏమిటి? హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పెద్ద స్వచ్ఛంద సంస్థ మన దగ్గర డబ్బు తీసుకుని మీ ఊరి సంఘానికి పంచిపెట్టలేదు. ఆ సంస్థ తన సొంత మనుషులతో మీ ఊరికి వచ్చి పని చెయ్యాలి. లేదంటే మీ ఊరి సంఘమే స్వయంగా అనుమతి తెచ్చుకోవాలి. దానికి సాధారణంగా మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపించాలి. ఒక చెరువు కోసం పుట్టిన సంఘానికి అది సాధ్యమయ్యే పని కాదు. ఒక ఫలానా దాత నుంచి ఫలానా పనికి ముందస్తు అనుమతి తీసుకునే దారి ఉంది గానీ, అదీ ఢిల్లీలో హోంశాఖ చేతిలోని ఫైలే. దశాబ్దాలుగా అనంతపురం జిల్లాలో పాతుకుపోయిన ఆర్డీటీ లాంటి సంస్థకే ఈ అనుమతి విషయంలో 2025లో చిక్కు వస్తే జనం రోడ్ల మీదకి రావలసి వచ్చింది. నిన్న రిజిస్టరైన ఊరి సంఘం పరిస్థితి ఊహించుకోండి.

ఇక్కడ మనలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చట్టం చూసేది మనిషి ఎక్కడ ఉంటున్నాడని కాదు, ఏ దేశ పౌరుడని. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చే విరాళం విదేశీ విరాళం కిందకి రాదు. హెచ్1 మీద ఉన్నవాళ్ళూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ భారత పౌరులే కాబట్టి వాళ్ళ డబ్బుని ఊరి సంఘం మామూలు ఖాతాలోనే తీసుకోవచ్చు. దాత పాస్‌పోర్టు కాపీ దగ్గర పెట్టుకుంటే సంఘానికి మంచిది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళ డబ్బు మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే.

ఇప్పుడు మనం మామూలుగా చేసేదేమిటో చూడండి. పదిమంది దగ్గర డబ్బు పోగుచేసి ఇక్కడి 501(సి)(3) సంస్థ ఖాతాలో వేస్తాం. ఎందుకంటే పన్ను మినహాయింపు వస్తుంది, కంపెనీ దానికి సమానంగా మ్యాచింగ్ ఇస్తుంది. మంచిదే. కానీ ఆ పదిమందిలో ఏడుగురు భారత పౌరులైనా, ఆ ఖాతాలో పడిన క్షణం నుంచీ అదంతా విదేశీ విరాళమైపోతుంది. ఊరి సంఘం తీసుకోగలిగిన డబ్బుని మన చేతులతో మనమే తీసుకోలేని డబ్బుగా మారుస్తున్నాం. మన పన్ను మినహాయింపు కోసం ఊరు ఆ మేరకు నష్టపోతోంది.

ఇది విని, "అయితే మా అన్నయ్య ఖాతాకి పంపి ఆయన చేత ఇప్పిస్తాను" అనే అమెరికా పౌరులు ఉంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఈ చట్టంలో జైలు శిక్షలున్నాయి. ఇక్కడ కూర్చున్న మనకి ఏమీ కాదు. అక్కడ సంతకం పెట్టిన బడిపంతులుగారికి నోటీసు వస్తుంది.

పెద్ద గ్రాంట్ల సంగతి

అంతర్జాతీయ నిధులు తెలుగు నేల మీదకి రాలేదని కాదు. గోదావరి ముఖద్వారంలో, కోరింగ అభయారణ్యం చుట్టుపక్కల జీవవైవిధ్యాన్ని కాపాడే పనికి గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ నిధులతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కాకినాడ కేంద్రంగా ఒక ప్రాజెక్టు నడిపింది. కృష్ణా జిల్లా తీరంలో మడ అడవుల పెంపకానికి అడాప్టేషన్ ఫండ్ నుంచి నాబార్డు ద్వారా డబ్బు వచ్చింది. 2018లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాల కోసం 4 కోట్ల 34 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది.

ఈ మూడింటిలోనూ గమనించాల్సింది ఒకటే. ఏ ఊరి సంఘమో దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న డబ్బు కాదిది. ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి సంస్థ, నాబార్డు లాంటి గుర్తింపు పొందిన మధ్యవర్తి, వీళ్ళు కూర్చుని ఏళ్ళ తరబడి తయారుచేసిన పథకాలివి. చిన్న సంఘాల కోసం 1992 నుంచి నడుస్తున్న గెఫ్ చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఒకటుంది. అది కొన్ని పదుల వేల డాలర్ల దాకా ఇస్తుంది. కానీ సంఘం తన వాటా చూపించాలి, కొలవగలిగే ఫలితాలు రాసివ్వాలి, ఏ విషయాల మీద పిలుపు వచ్చిందో ఆ విషయాల్లోనే అడగాలి. మరోవైపు అమెరికా ప్రభుత్వపు సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలై నుంచి విదేశీ సహాయ కార్యక్రమాలు నడపడం ఆపేసింది. ఆ డబ్బు మీద ఆధారపడ్డ సంస్థలన్నీ ఇప్పుడు మిగిలిన దాతల తలుపులే తడుతున్నాయి. క్యూ పెరిగింది, కౌంటర్లు తగ్గాయి.

ఇంటి డబ్బు

ఇప్పుడు ఇండియా వైపు చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఇది 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ డబ్బు ఏ పనులకి వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో పర్యావరణ సమతౌల్యం, చెట్లూ జంతువుల రక్షణ, నేల, నీరు, గాలి నాణ్యత స్పష్టంగా ఉన్నాయి. 2022-23లో దేశం మొత్తం మీద కంపెనీలు ఈ కింద పెట్టిన ఖర్చు సుమారు 30 వేల కోట్ల రూపాయలు. అందులో సింహభాగం చదువుకీ ఆరోగ్యానికీ వెళ్తుంది. పర్యావరణం వాటా కూడా వందల కోట్లు దాటే ఉంటుంది.

మనకి సంబంధించిన ముక్క ఇందులోనే ఉంది. మనం డల్లాస్‌లోనో, బే ఏరియాలోనో, న్యూజెర్సీలోనో పనిచేసే కంపెనీలకి చాలావాటికి హైదరాబాదులో అనుబంధ కంపెనీలున్నాయి. ఆ అనుబంధ కంపెనీలకి ఈ 2 శాతం బాధ్యత ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెప్తోంది. విదేశీ పెట్టుబడి పరిమితులకి లోబడి నడిచే ఇలాంటి భారతీయ కంపెనీల డబ్బుని విదేశీ మూలంగా లెక్కించకుండా 2016లో చట్టం సవరించారు. అంటే మీ కంపెనీ ఇక్కడ ఇచ్చే మ్యాచింగ్ డాలరు మీ ఊరికి చేరడం కష్టం గానీ, అదే కంపెనీ హైదరాబాదు శాఖ ఇచ్చే రూపాయికి ఆ చిక్కు లేదు.

ప్రభుత్వం డబ్బు దీనికంటే పెద్దది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకి పైగా చెరువుల్ని బాగుచేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద రెండు దశాబ్దాల పాటు పూడికతీత, కందకాలు, ఊటకుంటల పనులు జరిగాయి. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో కూడా జలభద్రత ఒక ప్రధాన విభాగం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుద్ధ్యానికీ, తాగునీరు, వాననీటి సంరక్షణలకే కట్టిపెట్టింది. మన మిత్రులు గ్రాంటు కోసం అమెరికాలో వెతుకుతున్న రోజుల్లోనే అది మన పంచాయతీ పద్దులోకి వస్తోంది. అది దేనికి ఖర్చయిందని గ్రామసభలో ఎవరు అడిగారు?

మరి ఏది లోపించింది?

ఒక కంపెనీ సామాజిక బాధ్యత అధికారి దగ్గరికి వెళ్ళారనుకోండి. ఆయన అడిగేవి ఇవి. సంస్థ రిజిస్ట్రేషన్, పాన్ కార్డు. ఇన్నాళ్ళూ 12ఎ, 80జి అనే పేర్లతో మనకి తెలిసిన ఆదాయపు పన్ను నమోదులు. 2021 నుంచి తప్పనిసరి అయిన సీఎస్ఆర్-1 నమోదు. మూడేళ్ళ ఆడిట్ లెక్కలు. ఆ తర్వాత అసలు పని గురించి: చెరువు సర్వే నంబరు ఎంత? పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా? శిఖం భూమిలో ఆక్రమణలున్నాయా? నీటిపారుదల శాఖ అనుమతి ఉందా? గ్రామసభ తీర్మానం ఉందా? చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఇప్పుడు ఎంత లోతున ఉన్నాయి, పని తర్వాత ఎంత పెరగాలి? ఐదేళ్ళ తర్వాత తూము పాడైతే ఎవరు బాగుచేస్తారు?

చాలా ఊళ్ళ దగ్గర ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ కాగితం మీద జవాబు లేదు. ఆ జవాబులు తయారుచేయడానికి గ్రాంటు ఇచ్చేవాడూ దాదాపు లేడు. జేసీబీ కిరాయి ఇస్తారు, మొక్కల ఖరీదు ఇస్తారు, బోర్డు పెట్టిస్తారు. సర్వేయరు ఖర్చు, ఆడిటరు ఫీజు, ఏడాది పాటు బావుల్లో నీటిమట్టం కొలిచే కుర్రాడి జీతం మాత్రం ఎవరూ ఇవ్వరు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడింగుకి బడ్జెట్ ఉంది, రిక్వైర్‌మెంట్స్‌కీ మెయింటెనెన్స్‌కీ లేదు. అలాంటి ప్రాజెక్టు గతి ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

కొలత మీద పెట్టిన డబ్బు ఏం చేయగలదో చూపించిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం నుంచి నల్గొండ దాకా, నెదర్లాండ్స్ ప్రభుత్వం నిధులతో, ఎఫ్.ఎ.ఓ. సహకారంతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భజలాల యాజమాన్య పథకం నడిచింది. ఆ పథకం రైతులకి బోర్లు వేయించలేదు, సబ్సిడీలు పంచలేదు. వానమాపకాలు పెట్టించింది, బావుల్లో నీటిమట్టం కొలవడం నేర్పింది. రైతులే ఆ లెక్కలు గోడల మీద రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకి కావలసిన నీళ్ళెన్ని అని బడ్జెట్ వేసుకున్నారు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆదేశించలేదు. లెక్క చూసుకుని చాలామంది వరి తగ్గించి తక్కువ నీళ్ళు తాగే పంటలకి మళ్ళారు. ప్రపంచమంతా అధ్యయనం చేసిన ఈ ప్రయోగంలో గ్రాంటు కొన్నది సిమెంటు కాదు, సమాచారం.

రెండు అభ్యంతరాలు

మొదటిది: "కాగితాలకీ జీతాలకీ డబ్బివ్వమంటే ఎవరిస్తారు? కంటికి కనపడే పని కావాలి." ఇది మానవసహజం. కట్ట మీద మన నాన్నగారి పేరుతో రాయి ఉంటే సంతోషంగానే ఉంటుంది. కానీ రాయి ఉండి, అలుగు కొట్టుకుపోయిన చెరువులు ఎన్ని చూళ్ళేదు మనం? ఒకప్పుడు తూము తీయడానికీ, మూయడానికీ నీరటికి ఆయకట్టు రైతులు ధాన్యం కొలిచేవారు. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డాయంటే కట్టినవాళ్ళ గొప్పతనమే కాదు, తరతరాలుగా కనిపెట్టుకుని ఉన్నవాళ్ళ చలవ కూడా. పేరు లేని ఆ ఖర్చు పెట్టడానికే ఇప్పుడు మనుషులు కావాలి.

రెండోది: "ప్రభుత్వం డబ్బు అంటే కాంట్రాక్టర్లు, కమీషన్లు. దాని జోలికి వెళ్ళకుండా మన డబ్బుతో మనం చేసుకుంటే నయం కదా?" ఈ వాదనని మేము ఒప్పుకోం. చెరువు ప్రైవేటు ఆస్తి కాదు. అనుమతి లేకుండా పూడిక తీయడం కూడా కుదరదు. శిఖం భూమిలో వెంచర్ వేసినవాడిని ఏ గ్రాంటూ కదిలించలేదు. దానికి రెవెన్యూ రికార్డు కావాలి, 2002 నాటి వాల్టా చట్టం కావాలి, గ్రామసభలో లేచి నిలబడి అడిగే గొంతు కావాలి. నీటి సంఘాలకి 1997లోనే చట్టం చేసింది మన రాష్ట్రం. ఉపాధి పనులకి సామాజిక తనిఖీని 2006 నుంచి పెద్ద ఎత్తున నడిపి దేశానికి దారి చూపించిందీ మన రాష్ట్రమే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఈ పనిముట్లన్నీ పక్కన పెట్టి మన డబ్బుతో మనం చేసుకుంటామంటే, ప్రజల సొమ్ము మీద ప్రజల అజమాయిషీని మనమే వదులుకుంటున్నట్టు. రాజకీయ సంస్కరణ కోరుకునే మనలాంటి వాళ్ళు చెయ్యకూడని పని అది.

ఏం చేద్దాం?

మొదటగా, ఊళ్ళని కాకుండా ఊరిని ఎంచుకోండి. ముగ్గురు మిత్రులు కలిసి ఒక ఊరు, ఒక చెరువు లేదా ఒక గుట్ట. ఐదేళ్ళకి మాట ఇవ్వండి.

రెండు, డబ్బుని రెండు జేబుల్లో పెట్టండి. భారత పౌరులు సొంత ఖాతాల నుంచి నేరుగా ఊరి సంఘానికి ఇచ్చేది ఒక జేబు. రిజిస్ట్రేషన్, సర్వే, ఆడిట్, కొలతలు నడిపే యువకుడికో యువతికో జీతం అందులోంచి రావాలి. అమెరికా పౌరుల విరాళాలూ, కంపెనీల మ్యాచింగూ రెండో జేబు. అది 501(సి)(3) ద్వారా, ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉండి ఆ ప్రాంతంలో తన మనుషులతోనే పనిచేసే సంస్థకి వెళ్ళాలి. రెంటినీ కలపొద్దు.

మూడు, కొలత ముందు మొదలుపెట్టండి. బడిలో ఒక వానమాపకం, ఆయకట్టులో పది బావులు, పదిహేను రోజులకోసారి నీటిమట్టం. ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి. ఒక్క వానాకాలం, ఒక్క వేసవి లెక్క చేతిలో ఉంటే మీ దరఖాస్తు మిగతా వంద దరఖాస్తుల్లో కలిసిపోదు.

నాలుగు, మీ కంపెనీ హైదరాబాదు శాఖలో సామాజిక బాధ్యత కమిటీని ఎవరు చూస్తున్నారో వాకబు చేయండి. సిఫారసు చేయమని కాదు. దరఖాస్తు ఏ నెలలో తీసుకుంటారు, ఏ నమూనాలో కావాలి అన్నది తెలుసుకుని ఊరి సంఘానికి చెప్పండి. తెలుగులో వాళ్ళు రాసింది ఇంగ్లీషులోకి మార్చి, ఎక్సెల్లో అంచనా తయారుచేయడం మనకి ఒక శనివారం పని. అక్కడ వాళ్ళకి అది నెలల తరబడి తెమలని పని.

ఐదు, పంచాయతీకి వచ్చిన నిధుల వివరాలు ప్రతి ఏడాదీ అడిగించండి. అడిగేది మీరు కాదు, ఊళ్ళో ఉండే ఓటరు అడగాలి. దరఖాస్తు రాసిపెట్టడం వరకే మన సాయం. నిర్ణయాలు గ్రామసభవి. ఆ చెరువు కింద మడి ఉన్న రైతుకీ, అందులో చేపలు పట్టుకునే ముదిరాజుకీ, గట్టు మీద గొర్రెలు మేపుకునే వాళ్ళకీ ఏం కావాలో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఇందులో ఫొటో దిగి పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదని మాకు తెలుసు. మొదటి ఏడాది ఖర్చంతా ఫైళ్ళకీ, కొలతలకీ పోతుంది. కానీ రెండో ఏడాది ఆ ఫైలు పట్టుకుని కలెక్టరేట్‌కి వెళ్ళిన సర్పంచ్‌ని "కాగితాలు లేవు" అని వెనక్కి పంపడం ఎవరి తరమూ కాదు. జూన్‌లో తొలకరి వస్తుంది. ఈలోపే వానమాపకం పెట్టించి, పది బావుల్లో మొదటి కొలత తీయించగలిగితే, గ్రాంటు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకి మీ ఊరు సగం జవాబు సిద్ధం చేసుకున్నట్టే.